పేరు లేకుండా పంపిన నిజం

కాలేబుని ఎవరైనా "ఏం ఉద్యోగమండీ?" అని అడిగితే "బ్యాంకులో అండీ" అనేసి గబగబా మాట మార్చేసేవాడు. బ్యాంకూ కాదు, గీంకూ కాదు. బహ్రెయిన్ రాజధాని మనామాలో ఓ అద్దాల మేడలో ఏడో అంతస్తు, కార్డు చెల్లింపులు చూసే కంపెనీ. ఇంటర్నెట్లో దుకాణం పెట్టుకున్నవాడు జనం దగ్గర క్రెడిట్ కార్డు మీద డబ్బు తీసుకోవాలంటే ఇలాంటి కంపెనీ ఒకటి మధ్యలో నిలబడి సరేననాలి. అది కాదంటే ఎంత గొప్ప సరుకున్నా దుకాణం మూసుకోవాల్సిందే. యూరప్ దుకాణాల కాగితాలు అక్కడివాళ్ళ చేత పరిశీలింపజేస్తే జీతాలు ఎక్కువవుతాయని బహ్రెయిన్ పంపించేవారు. ఆ కాగితాలు సరిగ్గా ఉన్నాయో లేవో చూసేవాళ్ళలో మన కాలేబు ఒకడు.

ఇందులో సిగ్గుపడటానికేముంది అంటారా? ఉంది. అతని బల్ల మీదికి వచ్చేవన్నీ ఒకే రకం దుకాణాలు. పెద్దవాళ్ళు మాత్రమే చూడాల్సిన సైట్లు. ఉన్నమాట చెప్పుకోవాలంటే, బట్టల్లేని బొమ్మల సైట్లు.

కోరి తెచ్చుకున్న పని కాదు పాపం. ఆ ఫైళ్ళు మొదటిసారి వచ్చినప్పుడు హైదరాబాదు నుంచి వచ్చిన క్లర్కు "తౌబా తౌబా" అని చెవులు పట్టుకున్నాడు. బహ్రెయినీ అమ్మాయి ముట్టనే ముట్టనంది. మేనేజరు మెహతా చుట్టూ చూసి కాలేబు దగ్గర ఆగాడు. "నువ్వు క్రిస్టియన్‌వి కదా భాయ్, అది ఇంగ్లీషువాళ్ళ మతం. నీకేం పట్టింపులుంటాయి?" అన్నాడు. రేపల్లె పక్కన పల్లెలో, సినిమా హాలు గడప తొక్కితేనే ఆ వారం చర్చిలో ప్రభు బల్లకి దూరంగా ఉండమనే ఇంట్లో పుట్టినవాడితోనా ఈ మాట! వద్దంటే వీసా ఏమవుతుందోనని భయం. అలా ఆ ఫైళ్ళు అతని నెత్తిన పడ్డాయి, నాలుగేళ్ళు అక్కడే ఉండిపోయాయి.

భార్య స్టెల్లాకి కూడా చెప్పలేదు. ఆమె సల్మానియా పెద్దాసుపత్రిలో స్టాఫ్ నర్సు, నరసాపురం పిల్ల. "మీ బ్యాంకులో ఏం చేస్తారండీ రోజంతా?" అని అడిగితే "కాగితాలు చూస్తాను" అనేవాడు. అబద్ధం కాదుగా!

నిజంగానే కాగితాలే చూసేవాడు. సైటు కూడా తెరిచి చూడాలి, కాగితంలో ఉన్న మనుషులూ బొమ్మలో ఉన్న మనుషులూ ఒకరేనా అని. కాలేబు ఆ కిటికీని అగ్గిపెట్టెంత చేసుకుని, మొహాలు మాత్రం చూసి, చటుక్కున మూసేసేవాడు. ఎవరైనా వెనకనుంచి నడిచి వెళ్తే చెవుల దాకా ఎర్రబడేవాడు.

ఆ ఫైళ్ళలో ఒకటి ఇలోనాది. బుడాపెస్టులో ఉంటుంది, ముప్ఫై దాటిన మనిషి. తనూ, ఇద్దరు స్నేహితురాళ్ళూ కలిసి వాళ్ళ సొంత బొమ్మల సైటు పెట్టుకున్నారు. వాళ్ళ దేశంలో అది చట్టం ఒప్పుకున్న వ్యాపారం. లైసెన్సు, పన్ను రసీదులు, ముగ్గురి వయసు రుజువులు, ముగ్గురి ఒప్పుకోలు పత్రాలు, అన్నిటికీ ఇంగ్లీషు అనువాదం, అనువాదం మీద ముద్ర. పెళ్ళి కేకులు అమ్మేవాడు కూడా అంత పద్ధతిగా పంపడు. ఏదైనా సందేహం వస్తే కంపెనీ తరఫున కాలేబే ఫోన్ చెయ్యాలి. పేరు చెప్పకూడదు, ఉత్తరాల కింద "రిస్క్ టీం" అనే ఉండాలి, అది కంపెనీ నియమం. అందుకని ఆమె అతన్ని "మిస్టర్ టీం" అని పిలిచేది. ఇద్దరిదీ వచ్చీరాని ఇంగ్లీషే. కాలేబు తడబడితే ఆమె నవ్వేది, ఆమె తడబడితే అతను ఓపిగ్గా ఆగేవాడు. అన్నీ చూసి, అన్నీ సరిగ్గా ఉన్నాయని రాసింది కాలేబే.

రెండువేల ఎనిమిదిలో ఒక ఆదివారం పొద్దున మెహతా వచ్చి బల్ల మీద తట్టాడు.

"పై నుంచి ఆర్డరు వచ్చింది. ఈ చిన్న సైట్లన్నీ ఖలాస్. అందరికీ ఉత్తరాలు కొట్టెయ్."

కాలేబుకి గుండెల మీంచి బండ దింపినట్టయింది. "కారణం ఏం రాయమంటారు సార్?"

"నిబంధనలు ఉల్లంఘించారని రాయి."

"ఉల్లంఘించలేదు కదా సార్. నేనే చూశాను."

"ఉల్లంఘించారని రాస్తే కార్డుల మీద వసూలైన వాళ్ళ సొమ్ము ఆరు నెలలు మన దగ్గరే ఆగుతుంది. లేదని రాస్తే రేపే తిరిగిచ్చెయ్యాలి. ఏం, నీ జేబులోంచి ఇస్తావా? యల్లా, కానీ."

కాలేబు కొంచెం ధైర్యం చేశాడు. "మరి ఆ హోటళ్ళ ఫైలు సార్?" అది ఊరూరా హోటళ్ళున్న ఓ పెద్ద కంపెనీ. గదిలో టీవీలో డబ్బు కట్టి చూసే సినిమాలు అలాంటివే, ఇంకా ముదురువి కూడా. బిల్లులో మాత్రం "గది సేవలు" అని పడుతుంది.

మెహతా అతన్ని వింతగా చూశాడు. "అది హోటల్ కాలేబ్. మర్యాదస్తుల వ్యాపారం. దాని జోలికి పోకు."

కాలేబు ఉత్తరాలు కొట్టాడు. ఇలోనాకీ కొట్టాడు. మీరు నిబంధనలు ఉల్లంఘించారు, వివరాలు చెప్పబడవు, ఇట్లు రిస్క్ టీం. అలా రాసిన పేర్లు కార్డు కంపెనీలన్నిటి ఉమ్మడి నల్లజాబితాకి వెళ్తాయని అతనికి తెలుసు. అందులో ఒకసారి పడితే మరో కంపెనీ గడప తొక్కనివ్వదు. అదీ తెలుసు. అయినా ఆ సాయంత్రం ఇంటికెళ్ళేటప్పుడు లోపల ఏదో పాటే పాడుకున్నాడు. ఇక ఆ ఫైళ్ళు లేవు. రేపటినుంచి టోపీలూ చెప్పులూ అమ్మేవాళ్ళ కాగితాలు చూస్తాడు. ఎవరడిగినా తలెత్తుకుని చెప్పుకోవచ్చు.

ఆ సంతోషమే అతని కొంప ముంచింది.

బహ్రెయిన్లో వారం సెలవు శుక్రవారం, మనవాళ్ళ ఆరాధనా ఆ రోజే. మనామాలో అద్దెకు తీసుకున్న హాల్లో నర్సులూ, డ్రైవర్లూ, ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళూ, ఆఫీసు బాబులూ అందరూ చేరతారు. పాటలయ్యాక, వాక్య ప్రసంగానికి ముందు, సాక్ష్యాలు. ఆ వారం దేవుడు ఏం మేలు చేశాడో లేచి మైకులో చెప్పాలి. ఒకామెకి ఆపరేషన్ తప్పింది, ఒకాయనకి వీసా ఇచ్చిన యజమాని, అదే కఫీల్, పాస్‌పోర్టు తిరిగిచ్చాడు, ఇలా. సంఘ పెద్ద సత్యవేదంగారు అవాలిలో ఆయిల్ కంపెనీ స్టోర్స్‌లో చేస్తారు, మంచి మనిషి, గొంతు మాత్రం హాలు పట్టనంత. కాలేబు నాలుగేళ్ళలో ఒక్కసారీ లేవలేదు. "మా కాలేబు తమ్ముడికి దేవుడు ఏ మేలూ చెయ్యలేదు కాబోలు" అని ప్రతి వారం ఆటపట్టించేవారు.

ఆ శుక్రవారం కాలేబు లేచాడు. ఎందుకు లేచాడో అతనికే తెలీదు. మైకు చేతికొచ్చింది. రెండు మాటలు చెప్పి కూర్చుందామనుకున్నవాడు ఆగలేకపోయాడు.

"నాలుగేళ్ళుగా నన్నొక పాపపు పనిలో పెట్టారు. చెప్పుకోవడానికి నోరు రాని సైట్ల పని. నేను ఉపవాసముండి ప్రార్థించాను. ఈ వారం దేవుడు ఆ దుకాణాలన్నిటినీ నా చేతులతోనే మూయించాడు."

"హల్లెలూయ!" అని హాలు ఊగిపోయింది. డోలక్ మీద దరువు పడింది. ఉపవాసమా! మధ్యాహ్నం కప్సా అన్నం మానెయ్యనివాడు, ఏం ఉపవాసముంటాడు! కానీ చప్పట్ల రుచి ఎవరికి చేదు? కాలేబు ఇంకో మాట వేశాడు.

"వాళ్ళందరూ చట్టాన్ని మోసం చేసి బతికే ఆడవాళ్ళు. వాళ్ళ బండారం బయటపడింది."

ఆ మాట ఎవరూ అడగలేదు. అవసరమూ లేదు. సత్యవేదంగారు మాత్రం అతన్ని వాటేసుకుని "ఇదీ సాక్ష్యమంటే!" అన్నారు కన్నీళ్ళతో. ఆడవాళ్ళ వరసలో స్టెల్లా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నేల చూపులు చూస్తూ కూర్చుంది.

భోజనాల దగ్గర నరసాయమ్మ వచ్చి కాలేబు ముందు నిలబడింది. రిఫాలో ఓ ఇంట్లో పనిచేస్తుంది, రాజోలు వైపు మనిషి.

"బాబూ, ఆ దుకాణాల ఆడోళ్ళు ఇప్పుడేం తింటారు?" అని అడిగింది. ఎగతాళి లేదు, నిలదీయడమూ లేదు. తెలుసుకుందామని అడిగింది.

"ఏదో ఒక మంచి పని చూసుకుంటారులే నరసాయమ్మా."

"ఇత్తే మంచిదే బాబూ. నేను ముందు చేసిన ఇంట్లో పని మానేత్తానంటే ఆ మేడం నా మీద దొంగదని చెప్పేసింది. ఏడాదిపాటు ఏ ఇంట్లోనూ అడుగెట్టనియ్యలేదు. నేను చెంచా కూడా తియ్యలేదు బాబూ. ఎవరికి చెప్పుకోను?" అని, మజ్జిగ గ్లాసు అతని చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. కాలేబు ఆ గ్లాసు అలాగే బల్ల మీద పెట్టేశాడు.

ముహర్రక్‌లో ఇంటికి చేరారు. తలుపు గడియ పెట్టాక స్టెల్లా అంది, "నాతో చెప్పని సంగతి మైకులో చెప్పారా?"

"సిగ్గేసి చెప్పలేదు స్టెల్లా."

"మీకు సిగ్గు. మరి నాకు? నలుగురి మధ్యలో మా ఆయన ఏ పని చేస్తాడో అప్పుడే తెలిసింది నాకు. తల కొట్టేసినట్టయింది." అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

సోమవారం ఆఫీసులో ఫోన్ మోగింది. ఇలోనా.

"మిస్టర్ టీం, నేను ఏ నిబంధన ఉల్లంఘించాను?"

కాలేబు కంపెనీ కాగితం మీద రాసిచ్చిందే చదివాడు. వివరాలు చెప్పబడవు.

"అరవడానికి ఫోన్ చెయ్యలేదు. ఒక్కటి చెప్పండి. నా కాగితాలు చూసింది మీరేనా?"

"నేను కాదు" అన్నాడు కాలేబు. మాట నోరు దాటేసింది.

తర్వాత ఆమె నెమ్మదిగా తన సంగతి చెప్పింది. మరో చిన్న కంపెనీ తనని తీసుకోవడానికి ఒప్పుకుంది. కానీ నల్లజాబితాలో పేరు చూసి ఆగింది. కాగితాలు చూసిన మనిషి, అవి సరిగ్గానే ఉన్నాయని ఒక్క వాక్యం, తన పేరుతో రాసిస్తే చాలట. గురువారం సాయంత్రం దాకా చూస్తారట. లేకపోతే ఖలాస్. ముగ్గురి బతుకూ ఆ సైటు మీదే. "ఎవరు చూశారో కనుక్కుని చెప్పండి మిస్టర్ టీం. ఆ మనిషికి నా నంబరు ఇవ్వండి" అని, తన మెయిల్ అడ్రసు కూడా చెప్పి పెట్టేసింది.

ఆ రోజూ మర్నాడూ కాలేబుకి అన్నం సహించలేదు. మంగళవారం సాయంత్రం స్టెల్లా డ్యూటీ నుంచి వచ్చి, గిన్నెలో కూర అలాగే ఉండటం చూసి ఎదురుగా కూర్చుంది.

"ఏమైంది? ఈసారన్నా మైకు కంటే ముందు నాకు చెప్పండి."

అంతా చెప్పాడు. మెహతా, ఉత్తరం, హోటళ్ళు, ఫోను, తను ఆడిన అబద్ధం, అన్నీ. చెబుతున్నంతసేపూ టేబుల్ గుడ్డ అంచు నలుపుతూనే ఉన్నాడు.

స్టెల్లా ఆ గుడ్డ అంచు అతని వేళ్ళలోంచి లాగేసింది. "ఆ అమ్మాయి చేసే పని నాకు నచ్చదు. ఎదురొస్తే ఆ ముక్క మొహమ్మీదే అంటాను. అది వేరే సంగతి. కాగితాలు సరిగ్గా ఉన్నాయా, లేదా?"

"ఉన్నాయి."

"మరి మీరు రాసింది?"

"కంపెనీ రాయించింది స్టెల్లా."

"చెయ్యి మీదే కదండీ. సంఘంలో నిలబడి మోసగత్తెలన్నది కూడా కంపెనీయేనా?"

కాలేబు తల వంచుకున్నాడు. "తెలిస్తే మెహతా బయటికి గెంటుతాడు. వీసా పోతుంది."

"నా వీసా నాది. మీకో వీసా నా మీద తీసుకోవచ్చు. నా జీతంతో ఇద్దరం తినలేమా? అన్నం దొరక్క ఎవరూ చావట్లేదు ఇక్కడ." కాస్త ఆగి, గొంతు తగ్గించింది. "పేరు పెట్టి పంపండి. అంతే. శుక్రవారం నుంచీ నాకు మీ మొహం చూడాలంటేనే ఎలాగో ఉంది."

ఇక చెప్పుకోవడానికి సాకు లేదు. కాలేబు బుధవారం పని అయ్యాక ముహర్రక్‌లో ఓ ఇంటర్నెట్ సెంటర్‌కి వెళ్ళాడు. ఇలోనా చెప్పిన అడ్రసుకి కొత్త మెయిల్ ఒకటి తెరిచాడు. వాక్యం చకచకా వచ్చేసింది. ఈ కాగితాలన్నీ నేను స్వయంగా పరిశీలించాను, అన్నీ సక్రమంగా, నిజమైనవిగా ఉన్నాయి, వీరు ఏ నిబంధననూ ఉల్లంఘించలేదు. చదువుకుంటే ఎంత హాయిగా ఉందో! పదిసార్లు చదువుకున్నాడు.

పేరు దగ్గరికొచ్చేసరికి వేళ్ళు ఆగిపోయాయి.

ఉద్యోగం పోతుందని కాదు. ఆ భయాన్ని స్టెల్లా తీసేసిందిగా. ఆ పేరు ఎక్కడెక్కడికో వెళ్తుంది. ఏదో ఫైల్లో ఆ బొమ్మల పక్కనే "కాలేబు" అని ఉంటుంది. రేపెవడో సంఘంలోకి మోసుకొస్తే? సత్యవేదంగారి చెవిన పడితే? అలాంటి దాని తరఫున నిలబడ్డాడట అని ఊళ్ళో నాన్నకి తెలిస్తే? నలుగురూ వేలెత్తి చూపిస్తున్నట్టే అనిపించింది. "ఇట్లు, ఒక ఉద్యోగి" అని కొట్టి, పంపేసి, బయటపడ్డాడు.

ఇంటికెళ్ళేసరికి స్టెల్లా గుమ్మంలోనే ఉంది.

"పంపారా?"

"పంపాను."

"పేరు పెట్టారా?"

"ఆ."

ఒక్క అక్షరం. స్టెల్లా మొహం విప్పారింది. ఆ పూట గుడ్డు పులుసు పెట్టి, పక్కనే కూర్చుని కొసరి కొసరి వడ్డించింది. శుక్రవారం తర్వాత ఆమె అతని వైపు నేరుగా చూడటం అదే మొదలు. కాలేబు ముద్ద ముద్దకీ మంచినీళ్ళు తాగాడు.

గురువారం పొద్దున ఆఫీసుకి వెళ్తూ అదే సెంటర్లో ఆగాడు. జవాబు వచ్చి ఉంది.

"థాంక్యూ. ఇది రాసింది ఎవరో నాకు తెలుసు మిస్టర్ టీం, మీ ఇంగ్లీషు నాకు అలవాటే. కానీ పేరు లేని మాట చెల్లదంటున్నారు వాళ్ళు. సాయంత్రం దాకా టైముంది. నేను నా మొహం చూపించి, నా పేరు పెట్టి, నా వ్యాపారం చేశాను. అందరూ తిట్టినా దాక్కోలేదు. మీరు చేసింది మంచి పని. దానికి మీ పేరు పెట్టడానికి మీకు సిగ్గెందుకు?"

కాలేబు ఆ చివరి మాట చదివి లేచిపోదామనుకున్నాడు, మళ్ళీ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. తన పేరులో మొదటి ఇంగ్లీషు అక్షరం మీద వేలు పెట్టాడు. కొట్టాడు. చెరిపేశాడు. మళ్ళీ కొట్టాడు. చెరిపేశాడు. కౌంటరులో బంగ్లా కుర్రవాడు "భాయ్, టైం అయింది" అన్నాడు. అదే సాకుగా దొరికింది. లేచి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం పంపొచ్చనుకున్నాడు. మధ్యాహ్నం మెహతా పక్కనే తిరుగుతున్నాడు. సాయంత్రం పంపొచ్చనుకున్నాడు. సాయంత్రం స్టెల్లా బస్టాపు దగ్గర ఎదురొచ్చి, చేపలు కొందాం రండి అంది. బుడాపెస్టులో ఆ చిన్న కంపెనీ తలుపులు మూసే సమయానికి కాలేబు ముహర్రక్ చేపల బజారులో హమూర్ బేరమాడుతున్నాడు. ఎంత గట్టిగా బేరమాడాడంటే ఆ అమ్మేవాడే విసుక్కున్నాడు.

ఇలోనా నుంచి మళ్ళీ మెయిల్ రాలేదు, ఫోనూ రాలేదు. వస్తే తిట్టించుకుందామని కూడా అనిపించింది అతనికి. తిట్టినా బావుండును.

మర్నాడు శుక్రవారం. పాటలు అయ్యాయి. సత్యవేదంగారు మైకు అందుకున్నారు.

"ఈ ఏడు సంఘ కార్యదర్శిని ఎన్నుకోవాలి. లోకం ముందు, దేవుడి ముందు, నిజం కోసం నిలబడిన మనిషి కావాలి మనకి. పోయిన వారం అలాంటివాడు ఒకడు మన మధ్యే లేచి మాట్లాడాడు. మా తమ్ముడు కాలేబు పేరు ప్రతిపాదిస్తున్నాను. మీరేమంటారు?"

అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది స్టెల్లా. ఆడవాళ్ళ వరసలో మొదట లేచి నిలబడింది కూడా ఆమే. హాల్లో వాళ్ళందరూ పోయిన శుక్రవారం మాటలకి కొడుతున్నారు. ఆమె బుధవారం నాటి పనికి కొడుతోంది. అది తనకొక్కదానికే తెలుసన్న గర్వం ఆమె మొహం నిండా ఉంది. నరసాయమ్మ కూడా, ఏమీ తెలియకుండానే, పక్కనుంచి కొడుతోంది.

కాలేబు లేవబోయి ఆగాడు. వద్దనడానికి నోరు తెరిచాడు. స్టెల్లా అతని వంకే చూస్తోంది. ఆ చూపు పోగొట్టుకోలేకపోయాడు. తల దించుకుని, రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు.

"చూశారా వినయం!" అన్నారు సత్యవేదంగారు మైకులో. "కాలేబు! అందరూ ఆ పేరు గట్టిగా చెప్పండి!"

హాలంతా అతని పేరు చెప్పింది. స్టెల్లా కళ్ళు తుడుచుకుని, మళ్ళీ చప్పట్లు కొట్టింది.